లా ఫర్మ్ అసెస్‌మెంట్ డే: ఏం చదవాలి, ఏం వదిలేయాలి?

రెండో_ఏడు_లా:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఎల్‌ఎల్‌బీ రెండో ఏడు చదువుతున్నాను. లండన్‌లో ఒక కమర్షియల్ ఫర్మ్ వెకేషన్ స్కీమ్‌కి, అంటే సెలవుల్లో ఫర్మ్‌లో పని చూసే అవకాశానికి, అప్లై చేశాను. వాట్సన్ గ్లేజర్ టెస్టు (తర్కాన్ని పరీక్షించేది), వీడియో ఇంటర్వ్యూ అయ్యాయి. ఇప్పుడు అసెస్‌మెంట్ డేకి పిలిచారు. పొద్దున గ్రూప్ ఎక్సర్‌సైజ్, తర్వాత రిటెన్ ఎక్సర్‌సైజ్, ట్రైనీలతో (శిక్షణలో ఉన్న లాయర్లతో) లంచ్, మధ్యాహ్నం కేస్ స్టడీ మీద పార్ట్‌నర్ (ఫర్మ్ భాగస్వామి అయిన సీనియర్ లాయర్) ఇంటర్వ్యూ. మెయిల్లో ఇంతకు మించి ఏమీ లేదు.

మెయిల్ చూసిన సంతోషం ఒక పూట కూడా నిలవలేదు, టెన్షన్ పట్టుకుంది. కాంట్రాక్ట్ లా, కంపెనీ లా నోట్సు మొదటి నుంచి తిరగేయాలా? కమర్షియల్ అవేర్‌నెస్, అంటే వ్యాపార ప్రపంచం మీద అవగాహన, కోసం రోజూ బిజినెస్ వార్తలు చదువుతున్నా, మర్నాటికి ఏదీ గుర్తుండటం లేదు. పైగా నేను పదిమందిలో నోరు తెరిచే మనిషిని కాదు. వెళ్లొచ్చినవాళ్లు, ఫర్మ్‌ల్లో పనిచేస్తున్నవాళ్లు కాస్త దారి చూపించండి.

ట్రైనీ_మూడో_సీటు:
కంగ్రాట్స్ అండీ. ముందు ఆ నోట్సు మూసేయండి. ఈ ఫర్మ్‌లు లా చదవని వాళ్లను కూడా తీసుకుంటాయి, వాళ్లు తర్వాత పీజీడీఎల్ అనే లా కన్వర్షన్ కోర్సు చేసుకుని వస్తారు. కాబట్టి పేపరు తయారుచేసేటప్పుడే, లా తెలియని మనిషి కూడా రాయగలిగేలా చూస్తారు. కావాల్సిన రూలేదైనా ఉంటే కాగితాల్లోనే ఇస్తారు.

మామూలుగా ఒక్కో ఎక్సర్‌సైజ్‌కి విడిగా స్కోర్ షీట్ ఉంటుంది. విషయాన్ని విడగొట్టి చూడగలుగుతున్నారా, రాత స్పష్టంగా ఉందా, ఎదుటివాళ్లతో కలిసి పనిచేయగలరా, క్లయింట్ వైపు నుంచి ఆలోచిస్తున్నారా, ఇలాంటివి చూస్తారు. సాయంత్రం మార్కులు వేసే అసెసర్లంతా కూర్చుని షీట్లు పక్కపక్కన పెట్టుకుంటారు. పొద్దున గ్రూప్‌లో తడబడినా మధ్యాహ్నం ఇంటర్వ్యూలో నిలదొక్కుకున్నవాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారు.

రిటెన్ ఎక్సర్‌సైజ్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీనికి ఎవరూ ప్రాక్టీస్ చేయరు. ఒక కట్ట కాగితాలు ఇస్తారు: ఈమెయిళ్లు, కాంట్రాక్టులో రెండు క్లాజులు, ఒక వార్త, ఒక లెక్కల పట్టిక. అందులో కొన్ని పనికిరానివి, కావాలనే పెడతారు. వాటిని చదివి పార్ట్‌నర్‌కి మెమో గానీ, క్లయింట్‌కి మెయిల్ గానీ రాయమంటారు. ఎవరికి రాస్తున్నారో రెండుసార్లు చూసుకోండి. పార్ట్‌నర్‌కైతే క్లాజ్ నంబరు, మీ సందేహం, ఇంకా కనుక్కోవాల్సినవి అన్నీ రాయొచ్చు. క్లయింట్‌కి మెయిల్ అంటే లా పదాలు తగ్గాలి, "మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది" అన్నది పైనే ఉండాలి.

ఇక్కడ ఫర్మ్‌ల్లో పని గంటలను ఆరు నిమిషాల యూనిట్లుగా రికార్డు చేస్తారు, బిల్లు ఆ గంటల లెక్కనే. పార్ట్‌నర్ మీ మెమోలో మూడో పేజీ దాకా వెతుక్కుంటే ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. ముందు జవాబు, తర్వాత కారణం.

ఫిజిక్స్_నుంచి_వచ్చా:
ఈ చర్చలోకి నేనూ దూరుతున్నా, ఏమనుకోకండి. నాది ఫిజిక్స్ డిగ్రీ. లా తెలియకపోయినా పర్లేదని అందరూ అంటారు గానీ, నాకు దొరికిన శాంపిల్ కేస్ స్టడీలన్నిట్లో "క్లయింట్ ఫలానా కంపెనీని కొనాలనుకుంటోంది, సలహా ఇవ్వండి" అని ఉంది. ఏమీ తెలియకుండా ఏం సలహా ఇస్తాం?

కార్పొరేట్_అసోసియేట్:
మంచి ప్రశ్న. నేను కార్పొరేట్ టీమ్‌లో ఉన్నాను, అప్పుడప్పుడు ఇలాంటి అసెస్‌మెంట్ డేల్లో అసెసర్‌గా కూర్చుంటాను. లా తెలియక్కర్లేదన్నది నిజమే. కానీ కంపెనీ కొనడమంటే ఏం జరుగుతుందో ఒక బొమ్మ మనసులో ఉంటే సగం భయం పోతుంది.

నేను కల్పించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. మన క్లయింట్ ఆస్పత్రి పరికరాలు తయారుచేసే పెద్ద కంపెనీ. ఒక చిన్న కంపెనీని కొనాలనుకుంటోంది. చిన్న కంపెనీ ఆదాయంలో సగానికి పైగా ఒకే కస్టమర్ నుంచి వస్తోంది. సాఫ్ట్‌వేర్ రాసింది వ్యవస్థాపకుడు, కంపెనీ పెట్టకముందే రాశాడు. ఒక పాత ఉద్యోగి కేసు వేశాడు.

మొదటి ప్రశ్న, షేర్లు కొనాలా, వ్యాపారాన్ని ఆస్తులుగా కొనాలా? షేర్లు కొంటే కంపెనీ ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది: కాంట్రాక్టులు, ఉద్యోగులు, అప్పులు, ఆ కోర్టు కేసు, అన్నీ. పని తేలిక. కానీ దాగున్న బాధ్యతలు కూడా వెంట వస్తాయి. షేర్ల ధర మీద 0.5 శాతం స్టాంప్ డ్యూటీ కొనేవాళ్లు కట్టాలి. ఆస్తులు కొంటే కావాల్సినవి ఏరుకోవచ్చు, పాత బాధ్యతలు చాలావరకు అమ్మినవాళ్ల దగ్గరే ఉంటాయి. కానీ ఒక్కో కాంట్రాక్టునూ విడిగా బదిలీ చేయించుకోవాలి, దానికి తరచూ అవతలి పక్షం ఒప్పుకోవాలి. ఉద్యోగులను మాత్రం ఏరుకోలేరు. ట్యూపీ అని పిలిచే 2006 నాటి రెగ్యులేషన్ల ప్రకారం ఆ వ్యాపారంలో పనిచేసేవాళ్లు పాత షరతులతోనే కొత్త యజమాని దగ్గరికి వస్తారు.

ఇప్పుడు ఆ పెద్ద కస్టమర్ కాంట్రాక్టు చూడండి. అందులో "యాజమాన్యం మారితే మేము రద్దు చేసుకోవచ్చు" అనే చేంజ్ ఆఫ్ కంట్రోల్ క్లాజ్ ఉంటే? షేర్లు కొన్న మర్నాడే సగం ఆదాయం పోవచ్చు. ఇది కనిపెట్టడం వరకు చాలామంది చేస్తారు. కనిపెట్టాక ఏం చేయాలన్న దగ్గరే మనుషులు విడిపోతారు. డీల్ పూర్తవడానికి ముందే ఆ కస్టమర్ సమ్మతి రావాలని షరతు పెట్టొచ్చు. ధర తగ్గించమనొచ్చు. డబ్బులో కొంత భాగం కొన్నాళ్లు ఆపి ఉంచొచ్చు. లేదా, నిజంగా ఈ కస్టమర్ లేకపోతే ఈ కంపెనీ మనకెందుకు అని అడగొచ్చు. నాలుగోది అడిగే స్టూడెంట్ అరుదు. అడిగితే నేను కుర్చీలో ముందుకు జరుగుతాను.

సాఫ్ట్‌వేర్ సంగతి: కంపెనీ పెట్టకముందు రాసినదైతే దాని కాపీరైట్ ఇంకా ఆయన పేరునే ఉండొచ్చు. డీల్ ముగిసేలోపు రాతపూర్వకంగా కంపెనీకి బదిలీ చేయించుకోవాలి. కోర్టు కేసు మనకు ముందే తెలిసిన రిస్క్ కాబట్టి దానికి ఇండెమ్నిటీ అడుగుతాం, అంటే నష్టం వస్తే అమ్మినవాళ్లు భరిస్తామని ఇచ్చే నిర్దిష్టమైన హామీ. మనకు తెలియని రిస్కులకు వారంటీలు, అంటే కంపెనీ గురించి ఫలానా సంగతులు నిజమని అమ్మేవాళ్లు ఇచ్చే మాట. వారంటీ తప్పని తేలితే నష్టం మనమే నిరూపించుకోవాలి. అమ్మేవాళ్లు ముందే బయటపెట్టిన విషయం మీద మామూలుగా క్లెయిమ్ నిలవదు.

ఇంతే. ఇది బట్టీ పట్టొద్దు. పార్ట్‌నర్ మధ్యలో కథ మారుస్తారు, "సరే, కస్టమర్ ఒప్పుకోలేదనుకోండి, ఇప్పుడేం చేస్తారు?" అని. బట్టీ పట్టినవాళ్లు అక్కడ ఆగిపోతారు.

ఫిజిక్స్_నుంచి_వచ్చా:
దీన్ని ప్రింట్ తీసుకుంటున్నా. ఒక డౌట్. పార్ట్‌నర్ అలా కథ మార్చినప్పుడు మన మొదటి జవాబు తప్పైపోతే? పట్టుకుని వాదించాలా, మార్చుకోవాలా?

కార్పొరేట్_అసోసియేట్:
కొత్త విషయం వచ్చిందా, కేవలం ఒత్తిడి వచ్చిందా అన్నది చూడండి. కొత్త విషయం వస్తే "ఇది తెలిశాక నా సలహా మారుతుంది, ఎందుకంటే" అని హాయిగా మార్చుకోండి. ఏమీ కొత్తగా చెప్పకుండా "అంతేనంటారా?" అని అన్నంత మాత్రాన మారిస్తే మాత్రం బాగుండదు. రేపు అవతలి లాయరు కూడా అలాగే అంటాడు కదా. ఆలోచించడానికి అర నిమిషం అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు.

పాత_బ్యాచ్_అన్న:
గ్రూప్ ఎక్సర్‌సైజ్ సంగతి నేను చెబుతా. నోరున్నవాడిదే రాజ్యం. మొదట మాట్లాడేది నువ్వే అవ్వు చెల్లీ, వైట్‌బోర్డు పెన్ను తీసుకో, లేదా టైమ్ చూసే బాధ్యత నీదని ప్రకటించు. అసెసర్ కంట్లో పడాలి.

ట్రైనీ_మూడో_సీటు:
అన్నా, ఇందులో మీతో ఒప్పుకోను. ఆ పెన్ను పట్టుకునే చిట్కా ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, ఆరుగురూ దాని మీదకే దూకుతున్నారు. టైమ్ చూస్తానన్నవాళ్లు చివరికి "ఇంకా ఐదు నిమిషాలు" అనడం తప్ప ఏమీ చెప్పకుండా మిగిలిపోతారు.

పాత_బ్యాచ్_అన్న:
సరే, పెన్ను వదిలేద్దాం. కానీ పూర్తిగా మౌనంగా కూర్చుంటే మార్కులు వేయడానికి వాళ్ల దగ్గర ఏముంటుంది? ఆ మాట మీద మాత్రం నిలబడతా.

కార్పొరేట్_అసోసియేట్:
ఇద్దరిదీ కొంత నిజమే. నా షీట్ మీద నేను మాటల లెక్క రాసుకోను. చర్చను ఎవరు ముందుకు జరిపారో రాసుకుంటాను. గ్రూప్ ఎక్సర్‌సైజ్ ఎక్కువగా నెగోషియేషన్ రూపంలో వస్తుంది. సగం మంది కొనేవాళ్ల తరఫున, సగం మంది అమ్మేవాళ్ల తరఫున. ఒక్కో జట్టుకు క్లయింట్ సూచనలు వేరు. తరచూ జరిగేది ఏమిటంటే, ధర మీద ఇరవై నిమిషాలు కొట్టుకుంటారు, మిగతా నాలుగు అంశాలకు టైమ్ ఉండదు. అక్కడ ఒకరు "ధర పక్కన పెడదాం, డబ్బు ఎప్పుడు చెల్లిస్తారన్నది తేలితే అది తేలికవుతుంది" అంటే చాలు. ఆ ఒక్క వాక్యం షీట్ మీద పడుతుంది.

రెండో_ఏడు_లా గారూ, మీ మౌనం అంత పెద్ద సమస్య కాదు. వినేవాళ్లకు ఒక లాభం ఉంది. "ఇందాక ఆమె అన్న లీజు పాయింటు మనం వదిలేశాం, దాన్ని దీంతో కలిపి చూద్దామా?" అనగలిగేది వాళ్లే. ముగ్గురు ఒకేసారి మాట్లాడుతుంటే ఇంతవరకు ఒప్పుకున్నవేమిటో రెండు ముక్కల్లో చెప్పండి, గది దానంతటదే సర్దుకుంటుంది. ఇంకోటి: క్లయింట్ "ఇంతకు తగ్గొద్దు" అని గీత గీసి ఇస్తే, ఒప్పందం కుదరాలన్న ఉత్సాహంలో దాన్ని దాటకండి. మంచితనం కోసం క్లయింట్ డబ్బు ఇచ్చేయడం ఈ వృత్తిలో మంచితనం కింద లెక్కకు రాదు.

వార్తలు_చదివే_పిల్ల:
కమర్షియల్ అవేర్‌నెస్‌కి నా పద్ధతి వేరు. రోజుకు ఇరవై వార్తలు చదవడం మానేసి రెండు మూడు కథల్ని మొదటి నుంచి చివరి దాకా వెంబడిస్తాను.

మైక్రోసాఫ్ట్ – యాక్టివిజన్ బ్లిజార్డ్ (గేమ్‌ల కంపెనీ) డీల్ తీసుకోండి. విలువ 68.7 బిలియన్ డాలర్లు. 2023 ఏప్రిల్‌లో ఇక్కడి పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ అడ్డుకుంది. అభ్యంతరం క్లౌడ్ గేమింగ్ గురించి. డీల్‌ని మళ్లీ మలిచి, యూరోపియన్ ఎకనామిక్ ఏరియా బయటి క్లౌడ్ స్ట్రీమింగ్ హక్కులను యూబీసాఫ్ట్ అనే ఇంకో గేమ్‌ల కంపెనీకి ఇచ్చేలా మార్చాక అక్టోబర్‌లో ఒప్పుకుంది. ఈ ఒక్క కథలో కాంపిటిషన్ లాయర్లు ఉన్నారు, కార్పొరేట్ ఉన్నారు, లైసెన్సింగ్ చూసే ఐపీ (మేధో సంపత్తి) వాళ్లు ఉన్నారు. క్లయింట్‌కి ఆలస్యం ఎంత ఖరీదో కూడా ఉంది. పాత వార్త కదా అని కొట్టిపారేయొద్దు. పాతదాన్ని పూర్తిగా అర్థం చేసుకుంటేనే కొత్తదాని గురించి ఏం అడగాలో తెలుస్తుంది. ఉదాహరణకు 2025 జనవరి నుంచి సీఎంఏ జోక్యం చేసుకోవడానికి చూసే యూకే టర్నోవర్ పరిమితి 7 కోట్ల పౌండ్ల నుంచి 10 కోట్లకు పెరిగింది. చిన్న కంపెనీల డీల్స్‌కి దీనివల్ల ఏం తేడా వస్తుంది? ఈ ప్రశ్న మీద ఐదు నిమిషాలు మాట్లాడగలిగితే మీరు వార్త చదివినట్టు.

వడ్డీ రేట్లూ అంతే. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2021 డిసెంబర్ దాకా 0.1 శాతం. 2023 ఆగస్టుకి 5.25. ఏడాది తర్వాత తగ్గించడం మొదలుపెట్టారు. అప్పు తీసుకుని కంపెనీలు కొనే ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లకు ఏమైంది? అప్పుల్లో చిక్కుకున్న కంపెనీలను చూసే రీస్ట్రక్చరింగ్ టీమ్‌లకు పని ఎందుకు పెరుగుతుంది? ఈ రెండూ మీ మాటల్లో చెప్పుకుని చూడండి.

రెండో_ఏడు_లా:
చాలా ఉపయోగపడింది. ఏఐ గురించి కూడా అడుగుతారని విన్నాను. "టెక్నాలజీ లాయర్ల పనిని మార్చేస్తుంది" అని తప్ప నాకేమీ తోచడం లేదు.

వార్తలు_చదివే_పిల్ల:
ఆ వాక్యం అందరూ చెబుతారు, కాబట్టి వదిలేయ్. 2025 జూన్‌లో ఇంగ్లండ్ హైకోర్టు అయిండే వర్సెస్ హారింగే కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. కోర్టుకు ఇచ్చిన కాగితాల్లో అసలు లేని కేసులను ఉదహరించిన లాయర్ల వ్యవహారం. ఏఐ ఇచ్చిన దాన్ని సరిచూసుకోవాల్సిన బాధ్యత లాయర్లదేనని, అలా చేయకపోతే కోర్టు ధిక్కారం దాకా పోవచ్చని గట్టిగా హెచ్చరించింది. అక్కడి నుంచి మొదలుపెట్టు. పని త్వరగా అయితే గంటల లెక్కన బిల్లు వేసే ఫర్మ్‌కి ఆదాయం ఏమవుతుంది, ట్రైనీలు నేర్చుకునే చిన్న పనులన్నీ మెషీన్ చేస్తే వాళ్లు ఎలా ఎదుగుతారు, క్లయింట్ రహస్య పత్రాలు ఎక్కడికి పోతున్నాయి? వీటిలో ఒకటి పట్టుకుంటే చాలు.

పాత_బ్యాచ్_అన్న:
ఇది బాగా చెప్పావు తల్లీ. "మా ఫర్మే ఎందుకు?" అన్న ప్రశ్నకు నాదొక పరీక్ష. నీ జవాబు రాసుకుని, ఫర్మ్ పేరు తీసేసి ఎదురు ఫర్మ్ పేరు పెట్టు. అయినా చెల్లుబాటు అవుతోందంటే చించెయ్. "అంతర్జాతీయ పని, మంచి వాతావరణం" అన్నీ ఇలా పోతాయి. 2024 మేలో అలెన్ అండ్ ఓవరీ, షియర్‌మన్ అండ్ స్టెర్లింగ్ కలిసి ఏ అండ్ ఓ షియర్‌మన్ అయింది కదా, అలాంటి చోట అప్లై చేసేవాడు అమెరికా న్యాయవాద మార్కెట్ కోసం ఒక లండన్ ఫర్మ్ అంత దూరం ఎందుకు వెళ్లిందో ఆలోచించి ఉండాలి. మీ ఫర్మ్‌లో అంత పెద్ద సంగతి లేకపోతే ట్రైనింగ్ చూడు: సీట్లు (ఒక్కో విభాగంలో ట్రైనీ గడిపే కాలం) ఆరేసి నెలలవి నాలుగా, ఇంకా చిన్నవా? కొన్నాళ్లు క్లయింట్ ఆఫీసులో పనిచేయడానికి (సెకండ్‌మెంట్) పంపుతారా? ఒక్కో విడత తీసుకునే ట్రైనీలు (ఇన్‌టేక్) ఎంతమంది? తక్కువమంది ఉన్నచోట బాధ్యత త్వరగా మీద పడుతుంది, అది నీకు ఇష్టమో కాదో నీకే తెలియాలి.

నెమ్మది_రాత:
అందరికీ ఒక ప్రశ్న. నాకు డిస్లెక్సియా ఉంది, యూనివర్సిటీలో అదనపు టైమ్ ఇస్తారు. ఫర్మ్‌కి చెబితే మైనస్ అవుతుందేమోనని భయం.

ట్రైనీ_మూడో_సీటు:
చెప్పండి, ముందే చెప్పండి. 2010 ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం అప్లై చేసేవాళ్లకు కూడా తగిన సర్దుబాట్లు చేయాల్సిన బాధ్యత వాళ్లది. పిలుపు మెయిల్లోనే ఎవరికి రాయాలో సాధారణంగా ఉంటుంది. గ్రాడ్యుయేట్ రిక్రూట్‌మెంట్ వాళ్లకు రెండు లైన్లు: ఏముంది, యూనివర్సిటీలో ఏం ఇస్తున్నారు, ఆ రోజు ఏం కావాలి. రోజు మొదలయ్యాక చెబితే వాళ్లకూ కష్టం, మీకూ నష్టం.

రెండో_ఏడు_లా:
నాకు ఇంకో రెండు. లంచ్‌లో మార్కులు వేయరని మెయిల్లో రాశారు, నమ్మొచ్చా? వీసా స్పాన్సర్‌షిప్ గురించి ఎప్పుడు అడగాలి?

ట్రైనీ_మూడో_సీటు:
లంచ్‌లో షీట్లు ఉండవు, అది నిజం. కానీ పక్కన కూర్చున్న ట్రైనీని తీసిపారేసినట్టు మాట్లాడితే ఆ సంగతి పైకి వెళ్తుంది. రిసెప్షన్‌లో కూడా అంతే. నాకు నచ్చే ప్రశ్న "నిన్న ఆఫీసులో ఏం చేశావు?" దానికి నిజమైన జవాబే వస్తుంది. వెబ్‌సైటులో ఉన్నవి మళ్లీ అడిగితే తినడం కూడా బోరు.

వీసా సంగతి పార్ట్‌నర్‌ని అడగొద్దు, ఆయనకు తెలియకపోవచ్చు. స్పాన్సర్ లైసెన్స్ ఉన్న సంస్థల జాబితా ప్రభుత్వ వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది, ఫర్మ్ పేరు అక్కడ వెతకండి. మిగతావి రిక్రూట్‌మెంట్ టీమ్‌కి మెయిల్. వాళ్లకిది రోజూ వచ్చే ప్రశ్న. ప్రయాణ ఖర్చులు కూడా చాలాచోట్ల తిరిగి ఇస్తారు, టికెట్ రసీదు పారేయకండి.

నెమ్మది_రాత:
సొలిసిటర్ అవ్వడానికి రాసే ఎస్‌క్యూఈ గురించి అడుగుతారా?

ట్రైనీ_మూడో_సీటు:
పరీక్షలా అడగరు. ఎస్‌క్యూఈ 1, ఎస్‌క్యూఈ 2, రెండేళ్ల క్వాలిఫైయింగ్ వర్క్ ఎక్స్‌పీరియన్స్, 2021 నుంచి కొత్త దారి ఇది, ఇంతవరకు తెలిస్తే చాలు. ఫీజు ఫర్మ్ కడుతుందా, ఎక్కడ చదివిస్తుంది అన్నది వాళ్ల పేజీలో చూసుకోండి.

రెండో_ఏడు_లా:
చివరిది. కంగారులో నా ఇంగ్లిష్ వేగం పెరిగిపోతుంది, యాస గురించి కూడా బెంగగా ఉంది.

కార్పొరేట్_అసోసియేట్:
యాసకు నా షీట్‌లో గడి లేదు. వేగానికీ లేదు, కానీ నాకు అర్థం కాకపోతే నేను రాసుకోలేను. ఇంట్లో ఒక పాత కాంట్రాక్టు క్లాజ్ తీసుకుని, దాన్ని వ్యాపారం చేసుకునే బంధువుకి తెలుగులో వివరించి చూడండి. తెలుగులో చెప్పలేకపోతే సమస్య ఇంగ్లిష్‌ది కాదు, క్లాజ్ ఇంకా అర్థం కాలేదన్నమాట. తర్వాత అదే ఇంగ్లిష్‌లో ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. డబ్బు కట్టి మాక్ అసెస్‌మెంట్లు చేయించుకోవడం నాకంత నచ్చదు. యూనివర్సిటీ కెరీర్స్ సర్వీసు ఉచితంగా చేస్తుంది, ముందు అది వాడుకోండి.

రెండో_ఏడు_లా:
అందరికీ థాంక్స్. అయిపోయింది! రిజల్ట్ ఇంకా రాలేదు. గ్రూప్‌లో నిజంగానే అందరూ ఒక అంశం మీదే ఇరుక్కుపోయారు, ఇంతవరకు తేలినవి నేను చెప్పాక కదిలింది. పార్ట్‌నర్ మధ్యలో కథ మార్చారు. నేను కాసేపు ఆగి, రెండు దారులు చెప్పి, ఒకటి ఎంచుకున్నాను. ఎందుకు రెండోది కాదని ఇంకో పావుగంట పట్టుకుని అడిగారు.

ఫిజిక్స్_నుంచి_వచ్చా:
సూపర్! కేస్ స్టడీలో ఏ రంగం కంపెనీ? ఏం క్లాజులు వచ్చాయి? నాకు వచ్చే నెల అదే ఫర్మ్.

రెండో_ఏడు_లా:
అది చెప్పలేనండీ, కాగితాల్లో ఉన్నవి బయటపెట్టకూడదని అందరి దగ్గరా మాట తీసుకున్నారు. పైన అసోసియేట్ గారు రాసిన ఉదాహరణను కాగితం చూడకుండా మీరే ఒకసారి గట్టిగా చెప్పుకుని చూడండి. కావాలంటే శనివారం కాల్‌లో నేను పార్ట్‌నర్‌గా కూర్చుని కథ మారుస్తా.

ఫిజిక్స్_నుంచి_వచ్చా:
అర్థమైంది, అడగకుండా ఉండాల్సింది. శనివారం పదకొండుకి ఓకేనా?

నెమ్మది_రాత:
నేను కూడా రావచ్చా? అమ్మేవాళ్ల తరఫున కూర్చుంటా.